పేరు ఒకరిది, పనితనం మరొకరిది: 'ట్విస్టెడ్ మెటల్ 3' చరిత్ర

1998 నవంబరులో అమెరికా దుకాణాల్లోకి 'ట్విస్టెడ్ మెటల్ 3' వచ్చింది. సోనీ ప్లేస్టేషన్ మీద ఆడే ఈ సిరీస్‌కు అప్పటికే మంచి పేరుంది. 1995లో మొదటి భాగం, 1996లో రెండో భాగం వచ్చాయి. రెండోది ఎంత నచ్చిందంటే, మూడోది ఎప్పుడొస్తుందా అని ఆడేవాళ్లు రెండేళ్లు ఎదురుచూశారు. తీరా వచ్చాక విమర్శకులు పెదవి విరిచారు, పాత అభిమానులు మొహం చిట్లించారు. ఆట మాత్రం బాగానే అమ్ముడుపోయింది. తర్వాత కొన్నేళ్లకు అసలు సృష్టికర్తలు తిరిగొచ్చి కథను రెండో భాగం దగ్గరే అందుకున్నారు. మూడూ నాలుగూ జరగనట్టే లెక్క. డబ్బు తెచ్చిన బిడ్డను ఇంటివాళ్లే వంశవృక్షంలోంచి ఎందుకు తీసేశారన్నది ఈ వ్యాసానికి విషయం.

మన పాఠకుల్లో చాలామందికి ఈ సిరీస్ పేరు కొత్తగా ఉండొచ్చు. 'రోడ్ రాష్' అంటే మాత్రం ఒక తరం మొత్తం గుర్తుపడుతుంది. నిజామాబాద్, ఆర్మూరు, మెట్‌పల్లి లాంటి ఊళ్లలో ఇంటర్నెట్ సెంటర్లు వెలిసిన రోజుల్లో, గంటకింత అని కట్టి కూర్చున్న పిల్లలు మెయిల్ చూసుకున్నదాని కంటే బైకు మీద పోతూ పక్కవాణ్ణి గొలుసుతో కొట్టిందే ఎక్కువ. ప్లేస్టేషన్ మన దగ్గర అంతగా ఇళ్లల్లోకి రాలేదు కాబట్టి దాని మీద పెరిగిన ఆటలూ రాలేదు. ట్విస్టెడ్ మెటల్ రోడ్ రాష్‌కు దాయాది లాంటిది. ఒకదానిలో పందెం మధ్య తన్నులాట, రెండోదానిలో పందెమే లేదు, ఉన్నదంతా తన్నులాటే. ఉత్తర దక్షిణాల 44వ నంబరు జాతీయ రహదారీ, నిజామాబాద్ నుంచి జగదల్‌పూర్ వైపు పోయే 63వ నంబరూ కలిసే ఆర్మూరులో, పసుపు బస్తాల సీజన్లో లారీల వరుసలో ఇరుక్కున్నవాడికి ఈ ఆట పుట్టుక సులువుగానే అర్థమవుతుంది. లాస్ ఏంజెలెస్ ట్రాఫిక్‌లో కదలకుండా నిలిచిపోయినప్పుడు, ముందున్న బండ్లను క్షిపణులతో పేల్చేస్తే ఎలా ఉంటుందన్న ఊహలోంచే ఇది పుట్టిందని దాని రూపకర్తల్లో ఒకరైన డేవిడ్ జాఫీ చెప్పుకున్నాడు.

ఊహ కొత్తదే కానీ దానికి పూర్వీకులున్నారు. 1976లో కాలిఫోర్నియాకు చెందిన ఎగ్జిడీ కంపెనీ 'డెత్ రేస్' అనే ఆర్కేడ్ యంత్రం తెచ్చింది. స్టీరింగ్ తిప్పుతూ తెర మీద పరిగెత్తే బొమ్మల్ని గుద్దాలి. గుద్దిన చోట చిన్న సమాధి శిలువ లేస్తుంది. అవి మనుషులు కావు, 'గ్రెమ్లిన్లు' అని కంపెనీ సర్దిచెప్పినా వినేవాళ్లు లేకపోయారు. వీడియో గేముల్లో హింస మీద అమెరికాలో రేగిన మొదటి పెద్ద రభస అదే. 1979లో ఆస్ట్రేలియా సినిమా 'మ్యాడ్ మ్యాక్స్', 1981లో దాని రెండో భాగం వచ్చి, ఇనుప రేకులు తొడిగి ఎడారిలో తరుముకునే బండ్ల రూపాన్ని జనం కళ్లలో నిలిపాయి. 1980ల మొదట్లో టెక్సాస్‌లోని స్టీవ్ జాక్సన్ గేమ్స్ 'కార్ వార్స్' అని బల్ల మీద ఆడుకునే ఆటను తెచ్చింది. దాని ఆధారంగా ఆరిజిన్ సిస్టమ్స్ 1985లో 'ఆటోడ్యుయల్' అనే కంప్యూటర్ గేమ్ చేసింది. ఈ మధ్యలోనే 1983లో మిడ్‌వే వాళ్ల 'స్పై హంటర్', తుపాకులు బిగించిన కారు నడపడంలో ఉన్న సరదా ఏమిటో ఆర్కేడ్ జనానికి చూపించింది.

ఈ ఆటలన్నిటికీ ఒక పరిమితి ఉంది. ఇవి పైనుంచి చూసే ఆటలు, లేదా ఒకే దిక్కుకు సాగే ఆటలు. నాలుగు వైపులా తిరగగలిగే మైదానంలో ఒక బండి ఇంకో బండిని వెంటాడి, మలుపు తిరిగి, ఎదురుకాల్పులు జరపాలంటే త్రిమితీయ చిత్రణ కావాలి. ఆ విద్య అప్పటికే బాగా పండిన చోటు సినిమా నగరం హాలీవుడ్ కాదు, ఉటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ.

అక్కడ 1968లో డేవిడ్ ఎవాన్స్, ఐవాన్ సదర్లాండ్ అనే ఇద్దరు ఆచార్యులు 'ఎవాన్స్ అండ్ సదర్లాండ్' కంపెనీ పెట్టారు. ఉటా విశ్వవిద్యాలయం ఆ రోజుల్లో కంప్యూటర్ గ్రాఫిక్స్‌కు గురుకులం. తర్వాత పిక్సార్ నడిపిన ఎడ్ క్యాట్మల్, అడోబీ పెట్టిన జాన్ వార్నాక్ ఇద్దరూ అక్కడ చదివినవాళ్లే. ఎవాన్స్ అండ్ సదర్లాండ్ పైలట్లకు శిక్షణ ఇచ్చే సిమ్యులేటర్లు తయారుచేసేది. నేల మీదే కూర్చున్న మనిషికి ఆకాశంలో ఉన్నాననిపించేలా, విమానం బరువూ వేగమూ లెక్కగట్టి ప్రతి క్షణం దృశ్యం మార్చడం వాళ్ల పని. 1994లో ఆ కంపెనీ నుంచి కొందరు ఇంజినీర్లు బయటికొచ్చి 'సింగిల్‌ట్రాక్' అనే స్టూడియో మొదలుపెట్టారు. కొత్త ప్లేస్టేషన్‌కు ఆటలు వెతుక్కుంటున్న సోనీ వాళ్లను పట్టుకుంది. 1995లో ఈ జట్టు రెండు ఆటలిచ్చింది: విమాన యుద్ధం 'వార్‌హాక్', బండ్ల యుద్ధం 'ట్విస్టెడ్ మెటల్'. సోనీ తరఫున డేవిడ్ జాఫీ, మైక్ గియామ్, స్టూడియో తరఫున స్కాట్ క్యాంప్‌బెల్ దీనికి రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యులు.

మొదటి భాగం కథ పొట్టిది. 2005 క్రిస్మస్ ముందురోజు రాత్రి లాస్ ఏంజెలెస్‌లో కాలిప్సో అనేవాడు ఒక పోటీ పెడతాడు. పన్నెండు బండ్లు బరిలోకి దిగుతాయి. చివరికి మిగిలిన డ్రైవరు ఏ కోరిక కోరినా తీరుస్తాడు. అయితే కోరినది కోరినట్టే ఇచ్చి, అందులోనే కోరినవాణ్ణి ముంచడం కాలిప్సోకు సరదా. భస్మాసురుడి కథ విని పెరిగినవాళ్లకు ఈ తరహా వరం కొత్తేమీ కాదు. నెత్తి మీద మంటతో నవ్వే విదూషకుడు, వాడి ఐస్‌క్రీం బండి 'స్వీట్ టూత్' సిరీస్‌కు ముఖచిత్రాలయ్యాయి. ఒక్కో డ్రైవరు కథ ఎలా ముగుస్తుందో నటులను పెట్టి వీడియోలు కూడా తీశారు. ఆట విడుదలయ్యే నాటికి వాటిని తీసేసి, తెర మీద అక్షరాలతో సరిపెట్టారు. ఆ వీడియోలు పదమూడేళ్లకు గానీ జనానికి కనిపించలేదు.

ఏడాది తిరగకముందే వచ్చిన రెండో భాగం మొదటిదాన్ని అన్ని విధాలా మించిపోయింది. పోటీ ఒక్క ఊరు దాటి ప్రపంచమంతా పరచుకుంది. మాస్కో, పారిస్, న్యూయార్క్, హాంకాంగ్, అమెజాన్ అడవి, హాలెండ్ పొలాలు, కరిగి విరిగే అంటార్కిటికా మంచు. పారిస్ స్థలంలో ఐఫిల్ టవర్‌ను పేల్చేస్తే అది పక్కకు కూలి, మేడల కప్పుల మీదికి దారి అవుతుంది. ఆడేవాడికి ఎవరూ చెప్పరు. పొరపాటునో పంతానికో పేల్చినవాడికి అక్కడ కొత్త యుద్ధభూమి దొరుకుతుంది. ఆ ఆవిష్కరణ ఆనందం తలచుకుంటూ ఇప్పటికీ మాట్లాడేవాళ్లున్నారు. నటులతో తీసిన వీడియోల బదులు కామిక్ పుస్తకం పేజీల్లాంటి బొమ్మలు, వెనుక వ్యంగ్యంగా సాగే వ్యాఖ్యానం పెట్టారు. ఖర్చు తక్కువ, రుచి ఎక్కువ.

నా లెక్కలో ఈ ఆటకు ప్రాణం మాత్రం కథలోనూ లేదు, టవర్లోనూ లేదు. బండి చేతికి అందే తీరులో ఉంది. దీన్ని కాస్త నిలబడి చూడాలి, ఎందుకంటే మూడో భాగం దెబ్బతిన్నది ఇక్కడే.

బండ్ల యుద్ధంలో కారు వాహనమూ, తుపాకీ గొట్టమూ కూడా. ముక్కు ఎటుంటే గుండు అటు పోతుంది. మామూలు కాల్పుల ఆటలో కాళ్లు ఒక వైపు పరిగెడుతుంటే చెయ్యి ఇంకో వైపు గురి పెట్టొచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. కాబట్టి బండి మీద అదుపు ఒక్క క్షణం తప్పినా దారీ పోతుంది, గురీ పోతుంది. సిమ్యులేటర్లు చేసి వచ్చిన సింగిల్‌ట్రాక్ వాళ్లకు అసలైన కారు ఎలా కదులుతుందో తెలియక కాదు, బాగా తెలిసే అబద్ధం చెప్పారు. ఉన్నచోటే గిర్రున తిరిగినంత చురుగ్గా మలుపు తిప్పే బటన్ ఒకటి పెట్టారు. బండ్లు నేలను అంటిపెట్టుకుని ఉంటాయి. ఎగిరినా తిన్నగా దిగుతాయి. రోడ్డు మీద ఏ కారూ ఇలా నడవదు, ఆటలో మాత్రం ఇలాగే నడవాలి. ప్లేస్టేషన్‌లో ప్రధాన జ్ఞాపకశక్తి 2 మెగాబైట్లు, ప్రాసెసర్ వేగం 34 మెగాహెర్ట్జ్‌కు కాస్త తక్కువ. దశాంశాల లెక్కలకు విడిగా యూనిట్ కూడా లేదు. అంత చిన్న యంత్రంలో ఏది నిజంగా లెక్కగట్టాలి, ఏది గట్టినట్టు నటిస్తే చాలు అన్న ఎంపికలోనే వాళ్ల పనితనమంతా ఉంది. ఇలాంటి తెలివి కాగితాల మీద ఉండదు, పనిచేసినవాళ్ల వేళ్లలో ఉంటుంది.

1997లో ఆ వేళ్లు చేతులు మారాయి. 'డూమ్ 2' లాంటి ఆటలను పంచి పెద్దదైన న్యూయార్క్ ప్రచురణ సంస్థ జీటీ ఇంటరాక్టివ్ సింగిల్‌ట్రాక్‌ను కొనేసింది. మనుషులు అటు పోయారు. ట్విస్టెడ్ మెటల్ పేరు, పాత్రలు, బండ్ల మీద హక్కులు సోనీ దగ్గరే ఉండిపోయాయి. ఆట తయారీ ఒప్పందాల్లో ఇది మామూలు సంగతే. డబ్బు పెట్టినవాడు పేరు ఉంచుకుంటాడు, పనిచేసినవాడు ఇంకో పనికి పోతాడు. చట్టం ప్రకారం ఎవరి తప్పూ లేదు.

సోనీ తన దగ్గరున్న పేరును సొంత స్టూడియోకు అప్పగించింది. అదే 989 స్టూడియోస్. కాలిఫోర్నియా ఫోస్టర్ సిటీలో ఈస్ట్ హిల్స్‌డేల్ బులెవార్డ్ మీద దాని తలుపు నంబరు 989, పేరు అలా వచ్చింది. అంతకుముందు అది సోనీ ఇంటరాక్టివ్ స్టూడియోస్ అమెరికా. దీన్ని చేతకాని సంస్థగా చూపడం ఈ సిరీస్ అభిమానుల్లో ఆనవాయితీ అయింది. అది అన్యాయం. అమెరికన్ ఫుట్‌బాల్ ఆట 'ఎన్ఎఫ్ఎల్ గేమ్‌డే'ని నిలబెట్టింది వీళ్లే. వేలమంది ఒకే లోకంలో కలిసి ఆడే ఆటలకు దారి వేసిన 'ఎవర్‌క్వెస్ట్' మొలకెత్తింది కూడా ఈ గూటిలోనే. చేతనైనవాళ్లే, కాకపోతే వేరే పని చేతనైనవాళ్లు.

వాళ్లు చేసిన మూడో భాగం చూపుకు బాగానే ఉంటుంది. హాలీవుడ్, వాషింగ్టన్, లండన్, టోక్యో, ఈజిప్ట్, ఉత్తర ధ్రువం, అమెరికా సైన్యం గ్రహాంతర రహస్యాలు దాచిందని చెప్పుకునే హ్యాంగర్ 18. స్వీట్ టూత్ ఉన్నాడు, రెండు చక్రాల మధ్య వేలాడే యాక్సెల్ ఉన్నాడు, మోటారు సైకిల్ మీద మిస్టర్ గ్రిమ్ ఉన్నాడు. వెనుక పాటలు రాబ్ జాంబీవి. ఆ ఏడాది ఆగస్టులోనే అతని 'హెల్‌బిల్లీ డీలక్స్' ఆల్బం వచ్చి మోగిపోతోంది. దానికి తోడు బ్రిటన్ బృందం పిచ్‌షిఫ్టర్. కామిక్ బొమ్మల ముగింపులు పోయి కంప్యూటర్ యానిమేషన్ వీడియోలు వచ్చాయి. పెట్టె వెనుక రాసుకోడానికి కావలసినవన్నీ సమకూరాయి.

అన్నిటికీ మించి 'ట్రూఫిజిక్స్' అన్నారు. బండ్లకు నిజమైన బరువు, జడత్వం, చక్రాల పట్టు ఉంటాయని ప్రచారం. 1998లో ఇది ఆకర్షించే మాటే. ఆట మొదలుపెట్టాక జరిగింది వేరు. గట్టు ఎక్కి దూకిన బండి ఒక పక్కకు ఒరిగి పడుతుంది. ఎదుటివాడి క్షిపణి తగిలితే పల్టీ కొడుతుంది. మలుపులో జారిపోతుంది. పల్టీ కొట్టిన బండి తేరుకునేలోపు మరో రెండు దెబ్బలు తగులుతాయి. కారే తుపాకీ గొట్టం అనుకున్నాం కదా, అది ఇప్పుడు ఆకాశం వైపో పక్క గోడ వైపో చూస్తూ ఉంటుంది. సిమ్యులేటర్ ఇంజినీర్లు తెలిసి వదిలేసిన నిజాన్ని కొత్తవాళ్లు మెరుగుదల అనుకుని తెచ్చి పెట్టారు. లెక్క సరైనదే, పెట్టిన చోటే సరైనది కాదు.

ఆర్మూరు చుట్టుపక్కల రైతు పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పి పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకు తెస్తాడు. రాశి ఎంత మెరుస్తున్నా ఖరీదుదారు ఒక కొమ్ము తీసి విరిచి లోపలి రంగు చూడందే ధర పలకడు. 1998 చివర్లో ఆటల పత్రికల సమీక్షకులు చేసిందీ ఆ పనే. పాలిష్ బాగుందన్నారు, సంగీతం బాగుందన్నారు, విరిచి చూసి రంగు తగ్గిందన్నారు. బండి నడక మీద ఫిర్యాదు దాదాపు అందరిదీ. స్థలాల్లో ఐఫిల్ టవర్ లాంటి కొంటెతనం లేదని, పాత్రల్లో పాత చీకటి హాస్యం పోయి కార్టూన్ వాసన వచ్చిందని కొందరు రాశారు. అందరూ తిట్టారనలేం. అభిప్రాయాలు రెండుగా చీలాయి. రెండో భాగానికి దక్కిన ఆదరంతో పోలిస్తే ఆ చీలికే పెద్ద పతనం.

తొందరపడి చేశారు కాబట్టి చెడిందని తేల్చేయడం మామూలుగా వినిపించే వివరణ. తేదీలు చూస్తే అది నిలబడదు. మొదటి భాగం 1995 నవంబరు, రెండోది 1996 నవంబరు. సిరీస్‌లో అందరూ తలకెత్తుకునే ఆట ఒక్క ఏడాదిలో తయారైంది. రెండో దానికీ మూడో దానికీ మధ్య రెండేళ్లున్నాయి. సమయం కొరత తేడాను వివరించదు. మొదటి ఆట చేసినవాళ్లు అందులో ఏది కుదిరిందో, ఏది కుదర్లేదో, నటుల వీడియోలు ఎందుకు నప్పలేదో, ఏ స్థలం ఇరుకైందో ఒంటి మీద అనుభవించి ఉన్నారు. ఆ ఎరుకతో మొదలుపెట్టినవాళ్లకు ఏడాది సరిపోయింది. ఆ ఎరుక లేనివాళ్లకు ముందున్నది పూర్తయిన ఆట మాత్రమే. అందులో పైకి కనిపించేవాటిని, అంటే విదూషకుణ్ణి, పోటీని, కాలిప్సోను పట్టుకున్నారు. కనిపించని ఆ అబద్ధపు చక్రాలు జారిపోయాయి.

దీనికి సాక్ష్యం అదే శరదృతువులో అవతలి వైపు నుంచి వచ్చింది. 1998 అక్టోబరులో, మూడో భాగానికి కొన్ని వారాల ముందు, సింగిల్‌ట్రాక్ కొత్త యజమాని కోసం 'రోగ్ ట్రిప్: వెకేషన్ 2012' తెచ్చింది. కూలి డ్రైవర్లు పర్యాటకులను ఎక్కించుకుని, ఫొటోలు తీసుకునే చోట్లకు తిప్పి డబ్బు సంపాదించాలి, దారిలో ఒకరి పర్యాటకుణ్ణి ఒకరు లాక్కోవాలి. వెక్కిరింత పాతదే, చేతికి అందే బండి పాతదే. సమీక్షల్లో ఆదరించారు. ట్విస్టెడ్ మెటల్ అన్న అక్షరాలు పెట్టె మీద లేవు కాబట్టి బడిపిల్లల చేతుల్లోకి ఆ స్థాయిలో పోలేదు. ఒకే ఋతువులో రెండు ఆటలు, ఒకదానికి పేరుంది, ఇంకోదానికి పనితనం ఉంది. చరిత్రకారుడికి ఇంత శుభ్రమైన పోలిక అరుదుగా దొరుకుతుంది.

తెలుగు సినిమా ప్రేక్షకుడికి ఈ పాఠం తెలియందేమీ కాదు. 2012లో హరీష్ శంకర్ తీసిన 'గబ్బర్ సింగ్' తర్వాత అదే టోపీ, అదే పేరుతో 2016లో 'సర్దార్ గబ్బర్ సింగ్' వచ్చింది. హీరో ఒకరే, దర్శకుడు వేరు, ఆదరణ కూడా వేరు. సినిమాలో కనీసం హీరో మొహం కొనసాగుతుంది. గేములో అదీ లేదు, కొనసాగేది బొమ్మ.

ఆ రోజుల్లో ఇది ఒక్క సిరీస్‌కు పట్టిన గతి కాదు. సింగిల్‌ట్రాక్‌దే మరో ఆట, నీళ్ల మీదా నేల మీదా తేలిపోయే బైకుల పందెం 'జెట్ మోటో'. దాని మూడో భాగం 1999లో పసిఫిక్ కోస్ట్ పవర్ అండ్ లైట్ అనే స్టూడియో చేతికి పోయింది. మన రోడ్ రాష్ పేరును ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ నుంచి టీహెచ్‌క్యూ అరువు తీసుకుని నింటెండో 64 మీద 'రోడ్ రాష్ 64' తెస్తే, అదే ఏడాది దాన్ని చేసిందీ ఈ స్టూడియోనే. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సొంతంగా తెచ్చిన 'రోడ్ రాష్ 3డి'లో (1998) తన్నులాట తగ్గి పందెం పెరిగిందన్న ఫిర్యాదు వచ్చింది. ఇంగ్లండ్ తీరాన్ని ఆనుకున్న ఐల్ ఆఫ్ వైట్ దీవిలో స్టెయిన్‌లెస్ గేమ్స్ పుట్టించిన 'కార్మగెడన్' సంగతి మరీ విచిత్రం. 1997లో బ్రిటన్ సెన్సార్ బోర్డు దానికి సర్టిఫికెట్ ఇవ్వకపోతే, పాదచారులను ఆకుపచ్చ నెత్తురు కార్చే శవాలుగా మార్చి అమ్మారు, తర్వాత అప్పీలులో గెలిచారు. మూడో భాగం 'టీడీఆర్ 2000' పని ఆస్ట్రేలియాలోని టోరస్ గేమ్స్‌కు పోయింది, జనం మొహం తిప్పుకున్నారు. స్టెయిన్‌లెస్ వాళ్లు 2011లో హక్కులు తిరిగి కొనుక్కున్నారు, మరుసటి ఏడాది అభిమానుల దగ్గర చందాలు పోగుచేసి 2015లో కొత్త ఆట తెచ్చారు. 1990ల చివర్లో కన్సోల్ వ్యాపారం ఎంత వేగంగా పెరిగిందంటే, పేరు ఆస్తిగా లెక్కల పుస్తకంలోకి ఎక్కింది. పనితనానికి ఆ పుస్తకంలో గడి లేదు.

989 స్టూడియోస్ ఆగలేదు. మరుసటి నవంబరుకే నాలుగో భాగం. ఇందులో స్వీట్ టూత్ కాలిప్సోను దించేసి పోటీని తనే నడుపుతాడు. రాబ్ జాంబీ పాటలతో సరిపెట్టుకోక తన 'డ్రాగ్యులా' బండి వేసుకుని స్వయంగా బరిలోకి దిగుతాడు. బండి నడక మూడో భాగం కంటే మెరుగైందని ఒప్పుకోవాలి. విన్నారు, దిద్దుకున్నారు. చౌక ధరలో మళ్లీ అమ్మే 'గ్రేటెస్ట్ హిట్స్' వరుసలోకి మూడూ నాలుగూ రెండూ చేరాయి. బాగా అమ్ముడుపోయినవాటికే ఆ ముద్ర వేసేవాళ్లు. 2000 నాటికి 989 స్టూడియోస్ సోనీ అమెరికా విభాగంలో కలిసిపోయింది, క్రీడల ఆటల మీద ఆ అంకె ఇంకొన్నేళ్లు మిగిలింది. అదే ఏడాది సింగిల్‌ట్రాక్ కూడా మూతబడింది. పేరు ఉన్న ఇల్లూ పోయింది, పనితనం ఉన్న ఇల్లూ పోయింది.

మనుషులు మాత్రం సాల్ట్ లేక్ సిటీలోనే ఉన్నారు. స్కాట్ క్యాంప్‌బెల్, మరికొందరు పాతవాళ్లు 'ఇన్‌కాగ్నిటో' అనే కొత్త స్టూడియో పెట్టారు. డేవిడ్ జాఫీ కలిశాడు. సోనీ ఈసారి పేరునూ పాత మనుషులనూ మళ్లీ ఒక చోటికి చేర్చింది. 2001 జూన్‌లో ప్లేస్టేషన్ 2 మీద 'ట్విస్టెడ్ మెటల్: బ్లాక్' వచ్చింది. రంగులు కడిగేసిన, పిచ్చాసుపత్రి నుంచి మొదలయ్యే, నవ్వు దాదాపు లేని ఆట. కథలో పాతవాటితో సంబంధం తెంచుకుంది. నడకలో మాత్రం నేలను పట్టుకునే ఆ చురుకైన బండి తిరిగొచ్చింది. సిరీస్‌లో అత్యుత్తమం ఇదా, రెండో భాగమా అన్న వాదన నేటికీ తెగలేదు. మూడో భాగం పేరు ఆ వాదనలో ఎవరూ ఎత్తరు.

అసలు తీర్పు 2005లో వచ్చింది. చేతిలో పట్టుకుని ఆడే పీఎస్‌పీ కోసం చేసిన 'ట్విస్టెడ్ మెటల్: హెడ్-ఆన్' నేరుగా రెండో భాగానికి కొనసాగింపు. మూడులోనూ నాలుగులోనూ జరిగినదేదీ ఆ కథలో జరగలేదు. 2008లో అదే ఆటను ప్లేస్టేషన్ 2కు తెచ్చినప్పుడు పాత పెట్టెలు కూడా తెరిచారు. ఆగిపోయిన 'బ్లాక్' రెండో భాగం కోసం కట్టిన స్థలాలు ఇచ్చారు. మొదటి భాగం కోసం తీసి పక్కన పడేసిన నటుల వీడియోలు ఇచ్చారు. వద్దనుకున్న చెత్తకు కూడా ఆ సంచికలో చోటు దొరికింది. లక్షల ఇళ్లకు చేరిన రెండు ఆటలకు దొరకలేదు. సొంతవాళ్ల చిత్తుప్రతి కంటే పరాయివాళ్ల పూర్తి పుస్తకం తక్కువైపోయిందన్నమాట. ఇందులో అభిమానం ఎంత, అహం ఎంత అన్నది పాఠకులు తేల్చుకోవచ్చు. నాకైతే రెండూ కనిపిస్తాయి.

ఎందుకంటే 1998లో పదేళ్ల పిల్లాడికి మూడో భాగమే మొదటి భాగం. అన్నదమ్ముల పక్కన కూర్చుని సగం తెర పంచుకుని, బండి పల్టీ కొడితే తిట్టుకునే బదులు నవ్వుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. అప్పటివాళ్లు పెద్దవాళ్లయ్యాక ఆ ఆటను వెనకేసుకొస్తున్నారు. పల్టీలే సరదా అంటున్నారు. వాళ్ల జ్ఞాపకం అబద్ధం కాదు. కానీ ఆట మీద తీర్పుకు జ్ఞాపకం సాక్ష్యంగా చాలదు. రెండు ఆటలూ పక్కపక్కన పెట్టి ఆడితే తేడా అయిదు నిమిషాల్లో వేళ్లకు తెలుస్తుంది.

జాఫీ తర్వాత 2005లో 'గాడ్ ఆఫ్ వార్' చేసి మరింత పెద్దవాడయ్యాడు. 2007లో క్యాంప్‌బెల్‌తో కలిసి 'ఈట్ స్లీప్ ప్లే' పెట్టి, 2012 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 3 మీద మరో ట్విస్టెడ్ మెటల్ తెచ్చాడు. 2023లో ఆంథొనీ మాకీ ముఖ్యపాత్రలో టీవీ సిరీస్ కూడా వచ్చింది. 2012 తర్వాత కొత్త ఆట మాత్రం రాలేదు.

మొత్తం మీద 'ట్విస్టెడ్ మెటల్ 3' చెత్త ఆట కాదు. వేరే పేరుతో వచ్చి ఉంటే ఓ మోస్తరు ఆటగా వచ్చి, ఓ మోస్తరుగానే మరుగున పడేది. అది చెడ్డ ఆటగా మిగిలింది ఆ పేరు వల్ల. ఆ నవంబరులో అంతమంది కొన్నదీ ఆ పేరు వల్లే.